హాలోవీన్ రాత్రికి రెండు సినిమాలు

ప్రశ్న: మేం డాలస్‌లో ఉంటాం. అక్టోబర్ 31 రాత్రి స్నేహితులు వస్తున్నారు. నెత్తురు చూడలేను గానీ, భయపడాలని ఉంది. మీకు బాగా నచ్చిన హారర్ సినిమాలు చెబుతారా?
– ఒక పాఠకురాలు

జవాబు: ముందుగా జాన్ కార్పెంటర్ తీసిన ‘హాలోవీన్’ (1978) చూడండమ్మా. కథ జరిగేది ఆ పండుగనాడే. హత్యలున్నా నెత్తురు చాలా తక్కువ, భయమంతా ఎదురుచూపులోనే. పట్టపగలు, ఆరేసిన బట్టల మధ్య ముసుగు మనిషి నిలబడి ఉంటాడు. లారీ అనే కథానాయిక కిటికీలోంచి చూస్తుంది. మళ్లీ చూసేసరికి ఉండడు. ఆ షాట్ అంటే నాకు ప్రాణం. సంగీతమూ కార్పెంటర్‌దే. ఐదు మాత్రల నడకలో సాగే ఆ పియానో మనసును కుదురుగా ఉండనివ్వదు.

రెండోది ‘ది ఇన్నోసెంట్స్’ (1961). హెన్రీ జేమ్స్ నవలిక ఆధారంగా జాక్ క్లేటన్ తీసిన నలుపు తెలుపు చిత్రం. చెరువు అవతల, రెల్లు మధ్య నల్లబట్టల స్త్రీ కదలకుండా నిలబడుతుంది. దయ్యమా, పిల్లల్ని చూసుకునే గవర్నెస్ భ్రమా? సినిమా తేల్చదు. అందుకే మళ్లీ మళ్లీ చూడబుద్ధేస్తుంది.

నలుగురూ కూడినప్పుడు మొదటిదే మేలు. పెద్దల సన్నివేశాలున్నాయి కాబట్టి పిల్లలు పడుకున్నాకే పెట్టండి. రెండోది మరో రాత్రి, లైట్లార్పి, ఫోన్ పక్కన పెట్టి, ఒక్కరే చూడండి.