పాతకారు సీటుబెల్టు

మిరపయార్డులకును ప్రత్తిమిల్లులకును తిరుగు పాత మారుతి 800 కారులలో దుమ్మును నూగును చేరి సీటుబెల్టు బిగుసుకొనుట గలదు. భుజమును నడుమును కూడ పట్టు ఈ బెల్టును 1959లో వోల్వో సంస్థకొఱకు నీల్స్ బోలిన్ కల్పించెను.

బిగిసినదెల్ల చెడినది కాదు. బెల్టు చుట్టుకొను పెట్టెలో చిన్న గోళమో లోలకమో యుండును. బండి యొరిగినను, వేగము హఠాత్తుగా తగ్గినను అది కదలి పండ్లచక్రము నాపును. కావుననే పెట్టెను వంకరగా బిగించినచో పట్టీ రాదు.

మొదట పట్టీని పూర్తిగా లాగి, సబ్బునీట తుడిచి, నీడ నారబెట్టవలెను. బ్లీచింగు కూడదు, నేత బలహీనమగును. (మన ప్రత్తినాటను ఈ పట్టీ ప్రత్తిది కాదు, పాలియెస్టరుది!)

అంచు చిరిగినను, ప్రమాదమున నొకసారి బరువు మోసినను మార్చియే తీరవలెను. దర్జీకుట్టు ఆ బరువున కాగదు. పాతసామాను దుకాణపు బెల్టు చౌకయే. అది యే ప్రమాదమును చూచినదో యెవ్వ రెఱుగుదురు? ఆ కారునకు తగిన క్రొత్తదానిని, దానికి నిర్ణయించిన బోల్టులతోనే, పాత రంధ్రములందే బిగింపవలెను. చుట్టుపెట్టెను విప్పరాదు, లోని స్ప్రింగు చెదరి చేతిని గాయపఱచును. మందుగుండుతో పట్టీని బిగించు క్రొత్తరకపు కారులను కంపెనీ కార్ఖానాకే పంపుడు.

పిమ్మట మెల్లగా లాగి చూడుడు: పట్టీ రావలెను, విడిచిన తనంత తిరిగి చుట్టుకొనవలెను.