పసుపు కర్రపెండలపు పిండి: గుణములు, పరిమితులు

మెల్‌బోర్న్ నగరమునకు పశ్చిమముననున్న ట్రుగనీనాలో నివసించు ఫిజీ తెలుగు కుటుంబములకు కర్రపెండలము క్రొత్త వస్తువు కాదు. 1903 నుండి మద్రాసు రేవున ఓడలెక్కి ఫిజీ చెరకు తోటలకు పోయిన పూర్వులు, ఆ ద్వీపవాసులు 'తవియోకా' యని పిలుచు ఈ దుంపను అచ్చట తమ భోజనములో చేర్చుకొనిరి. 1987 తరువాత అనేకులు ఆస్ట్రేలియాకు తరలివచ్చినను ఆ రుచి వారిని విడువలేదు. ఇప్పుడు పోషకవృద్ధి చేసిన పసుపు కర్రపెండలమును గూర్చి విన్నవారికి రెండు సందేహములు కలుగుట సహజము. దాని పిండి కంటికి మేలు చేయునా? మధుమేహము గల పెద్దలు తినవచ్చునా?

పసుపు రంగునకు కారణము

తెల్లని దుంప శక్తినిచ్చునే గాని విటమిన్ ఏ దాదాపు ఇయ్యదు. ఈ లోపమును తీర్చుటకై నైజీరియాలోని ఇబాదాన్, ఉముడికే పరిశోధన కేంద్రముల శాస్త్రజ్ఞులు మొక్కలను సంకరము చేసి, బీటా కెరోటిన్ అధికముగా గల రకములను ఎన్నుకొనిరి. 2011లో ఆ దేశము మూడు రకములను రైతులకు విడుదల చేసినది. భారతదేశమునను, తిరువనంతపురము దుంపపంటల పరిశోధన సంస్థ 1977లో విడుదల చేసిన 'శ్రీ విశాఖం' దుంప లేత పసుపుగానే యుండును.

శరీరము బీటా కెరోటిన్‌ను విటమిన్ ఏగా మార్చుకొనును. కంటిచూపునకు, రోగనిరోధక శక్తికి అది అవసరము. కెన్యా పాఠశాల బాలబాలికలపై జరిపి 2016లో ప్రకటించిన పరిశోధనలో పసుపు దుంప తిన్నవారి విటమిన్ ఏ స్థితి కొంత మెరుగుపడినది. ఆ మేలు నిజమే, కాని స్వల్పము.

పిండిగా మారినప్పుడు

కెరోటిన్ వెలుతురునకు, గాలికి, వేడికి నశించును. దుంపను ఎండబెట్టునప్పుడు కొంత, పిండిని నిలువయుంచునప్పుడు మరికొంత పోవును. కావున పిండిని మూత బిగువుగానున్న డబ్బాలో చీకటి చోట నుంచి, త్వరగా వాడవలెను. కొంచెము నూనెతో వండిన కెరోటిన్ బాగుగా ఒంటబట్టును.

రంగును చూచి మోసపోరాదు. పశ్చిమాఫ్రికా వారి 'గారి' యను కర్రపెండలపు రవ్వకు తాటిజాతి పామ్ నూనె కలిపినను పసుపు రంగు వచ్చును. సంచిపై వ్రాసినది చదువుట మేలు.

విషగుణము

కర్రపెండలములో లినమారిన్ అను పదార్థము కలదు. దుంప నలిగినప్పుడు దాని నుండి సైనైడ్ విషము పుట్టును. పోషకవృద్ధి చేసినంత మాత్రమున ఈ గుణము పోదు. మాంసకృత్తులు చాలని ఆహారముతో, సరిగా శుద్ధిచేయని చేదు దుంపను వారములకొలది తిన్న ఆఫ్రికా ప్రజలలో కాళ్ళు బిగుసుకొనిపోవు 'కొంజో' వ్యాధి కనబడినది.

కాన్‌బెర్రాలోని ఆస్ట్రేలియా జాతీయ విశ్వవిద్యాలయమునకు చెందిన హోవర్డ్ బ్రాడ్‌బరీ దీనికొక సులభోపాయము చూపెను. పిండిని నీటితో తడిపి, పలుచగా పరచి, ఎండలో రెండు గంటలుగాని నీడలో ఐదు గంటలుగాని ఉంచిన విషవాయువు చాలవరకు వెడలిపోవును. ఆ పిండిని ఆనాడే వండుకొనవలెను. అంతర్జాతీయ ప్రమాణము ప్రకారము కిలో పిండిలో 10 మిల్లీగ్రాములకు మించి సైనైడ్ ఉండరాదు. పచ్చిదుంపను తెచ్చుకొన్నచో తొక్కతీసి, పూర్తిగా ఉడికించి తినవలెను.

భోజనములో స్థానము

నూరు గ్రాముల పిండిలో అధికభాగము గంజిపదార్థమే. మాంసకృత్తులు ఒకటి నుండి మూడు గ్రాములు మాత్రమే. గోధుమలోని గ్లూటెన్ సరిపడనివారికి ఈ పిండి ఉపయోగము. కాని మధుమేహము గలవారు రంగును చూచి దీనిని మందుగా భావించరాదు. అన్నమువలెనే దీనిని కూడ లెక్కించుకొని మితముగా తినవలెను. వైద్యుడిచ్చిన మాత్రలను మానరాదు.

ట్రుగనీనాలో గుమ్మడి, క్యారెట్, ఆకుకూరలు సులభముగా లభించును. విటమిన్ ఏ కొరకు ఈ పిండియే శరణ్యము కాదు. పప్పు, చేమాకు కూర, చేప జోడించినప్పుడే కర్రపెండలము సంపూర్ణ భోజనమగును. దుంపలో లేని మాంసకృత్తులను పప్పును చేపయు, విటమిన్లను ఆకుకూరయు సమకూర్చును.

సారాంశము

పసుపు పిండి ఒక్క లోపమును కొంతవరకు తీర్చును. విషమును తొలగించుట వండువారి చేతిలోను, తక్కిన లోపములను తీర్చుట విస్తరిలోని తోడు పదార్థములలోను ఉన్నది.