సాంచా పట్టిన చేతికి రేసు గ్యారేజీలో పని

నిమజ్జనం రోజు హైదరాబాద్ ధూల్‌పేట్‌లో తయారైన గణపతులు లారీలెక్కి ఎన్టీఆర్ మార్గ్ చేరుకుంటాయి. 2023 ఫిబ్రవరి 11న అదే రోడ్డు మీద ఫార్ములా ఈ కార్లు పరుగెత్తాయి. హుస్సేన్‌సాగర్ ఒడ్డున 2.83 కిలోమీటర్ల ట్రాక్, 18 మలుపులు. ఫ్రాన్స్ డ్రైవర్ జాన్ ఎరిక్ వెర్న్ గెలిచాడు. మరుసటి ఏడాది జరగాల్సిన రేసు రద్దయింది గానీ, ఆ చప్పుడు విన్న పిల్లల మనసులోంచి మాత్రం రేసు పోలేదు. మంగళ్‌హాట్, జుమ్మేరాత్ బజార్, ధూల్‌పేట్ వైపు చదువుల గురించి, ఉద్యోగాల గురించి మాట్లాడటానికి వెళ్లినప్పుడల్లా ఎవరో ఒకరు అడుగుతారు: "రేసర్ కావాలంటే ఏం కోర్సు చెయ్యాలె అన్నా?"

అడిగినవాళ్లకు ముందు నిజం చెప్పాలి. స్టీరింగ్ ముందు కూర్చోవడానికి ఏ కోర్సూ లేదు. కావలసింది చిన్న వయసు, పెద్ద డబ్బు.

సింగిల్ సీటర్ అంటే ఒక్కరే కూర్చునే, చక్రాలు బయటికి కనిపించే కారు. ఫార్ములా వన్‌కు వెళ్లే మెట్లన్నీ ఈ రకం కార్లే. మొదటి మెట్టు కార్టింగ్. పేరున్న డ్రైవర్లలో చాలామంది ఏడెనిమిదేళ్లకే కార్ట్ ఎక్కినవాళ్లు. తర్వాతి మెట్టు ఎఫ్4. పదిహేనేళ్లు నిండితే ఇందులోకి రావచ్చు. మన దేశంలో ప్రపంచ మోటార్ రేసింగ్ సంస్థ ఎఫ్ఐఏ గుర్తింపుతో ఎఫ్4 ఇండియన్ ఛాంపియన్‌షిప్ 2023లో మొదలైంది. ఆ ఏడాది ఆస్ట్రేలియా కుర్రాడు కూపర్ వెబ్‌స్టర్, 2024లో దక్షిణాఫ్రికా కుర్రాడు అకీల్ అలీభాయ్ ఛాంపియన్లయ్యారు. మన ట్రాకుల మీద జరిగే సిరీస్‌లోనే పోటీ అంత దూరం నుంచి వస్తోంది. ఎఫ్4 టైటిల్ గెలిస్తే 12 సూపర్ లైసెన్స్ పాయింట్లు వస్తాయి. ఫార్ములా వన్‌లో కూర్చోవాలంటే మూడు సీజన్లలో 40 కావాలి. యూరప్‌లో ఒక్క ఎఫ్4 సీజన్‌కే లక్షల యూరోలు ఖర్చవుతాయి. రోజుకూలీ ఇంట్లో పుట్టిన పద్దెనిమిదేళ్ల కుర్రాడికి ఈ లెక్క చెప్పకుండా "కల కను తమ్మీ" అనడం నా దృష్టిలో పాపం.

ఇంతకంటే చవకైన దారి మన దగ్గర లేకపోలేదు. అది కోయంబత్తూరులో పుట్టింది. ఎస్. కరివర్ధన్ అనే ఇంజనీరు మారుతి 800 ఇంజిన్‌తో ఫార్ములా మారుతి కారు తయారుచేశాడు. మామూలు కుటుంబాల పిల్లలు కూడా సింగిల్ సీటర్ నడపాలన్నది ఆయన తపన. 1995లో విమాన ప్రమాదంలో పోయాడు. కోయంబత్తూరు పక్కన చెట్టిపాళయంలోని కరి మోటార్ స్పీడ్‌వే ఆయన పేరు మీదే ఉంది. 2005లో ఫార్ములా వన్ గ్రిడ్ మీద నిలబడ్డ తొలి భారతీయుడు నారాయణ్ కార్తికేయన్ తొలినాళ్లలో నడిపింది ఆ ఫార్ములా మారుతినే. నేడు ఆ స్థానంలో ఎల్‌జీబీ ఫార్ములా 4 ఉంది. పేరు కలిసినా పైన చెప్పిన ఎఫ్4 వేరు, ఇది వేరు. అందులోనూ మారుతి సుజుకి ఇంజినే. జాతీయ ఛాంపియన్‌షిప్‌లో కొత్తవాళ్ల కోసం నోవిస్ విభాగం కూడా నడుస్తోంది. మన హైదరాబాద్ నుంచి అనిందిత్ రెడ్డి 2016, 2017లలో వరుసగా యూరో జేకే అనే సింగిల్ సీటర్ సిరీస్ టైటిల్ గెలిచాడు. కాబట్టి దారి ఉంది. కానీ ఎల్‌జీబీ కారుకైనా సీటు అద్దె, టైర్లు, ప్రయాణాలు, విరిగిన సామాన్ల ఖర్చు డ్రైవరే భరించాలి. స్పాన్సర్ లేకుండా అప్పు చేసి దిగొద్దు. ఈ ఒక్క మాట మీద నేను మెత్తబడను.

ఇంక ఇదే ఆటలో రెండో తలుపు, అంటే గ్యారేజీ పని గురించి చెబుతాను. ధూల్‌పేట్ పిల్లలు తెరవగలిగింది అదేనని నా నమ్మకం. మనవాళ్లకు దాని గురించి చెప్పినవాళ్లు లేరు.

ఒక వేసవిలో ధూల్‌పేట్ కార్ఖానా ఒకదానిలో గంటసేపు కూర్చున్నాను. రేకుల షెడ్డు, నేలంతా తెల్లటి పొడి. ఇరవై ఏళ్లు కూడా నిండని కుర్రాడు రబ్బరు అచ్చు ముందు మోకాళ్ల మీద కూర్చుని ఉన్నాడు. అచ్చును వాళ్లు సాంచా అంటారు. ముందు పల్చగా పీఓపీ పూత వేశాడు. అది గట్టిపడక ముందే కొబ్బరి పీచును పీఓపీలో ముంచి పొరలు పొరలుగా అంటించాడు. తొండం మడతలోకి, చెవి మూలలోకి బొటనవేలితో నొక్కుకుంటూ పోయాడు. ఎందుకంత నొక్కుతున్నావని అడిగితే తల ఎత్తకుండానే చెప్పాడు: "గాలి చిక్కితే సాంచా తీసినంక బొక్క కనబడతది అన్నా. పూడ్చినా అక్కడ రంగు నిలవదు."

రేసు కారు ముక్కు తయారీ కూడా అచ్చంగా ఇదే. అచ్చుకు మైనం రాస్తారు. జెల్ కోట్ పూస్తారు. దాని మీద ఫైబర్ మ్యాట్ పరిచి, హార్డెనర్ కలిపిన రెసిన్ తడుపుతారు. రోలర్‌తో బుడగలన్నీ బయటికి తోలుతారు. పీచు బలమిస్తుంది, చుట్టూ గట్టిపడిన పదార్థం దాన్ని పట్టి ఉంచుతుంది. కొబ్బరి పీచు, పీఓపీ కలిసి చేసేది అదే పని. ఇంజనీరింగ్ పుస్తకాల్లో దీన్ని కాంపోజిట్ అంటారు. ఎఫ్4 కారులో డ్రైవర్ కూర్చునే గుల్ల కార్బన్ ఫైబర్‌ది. అక్కడ ముందే రెసిన్ పట్టించిన బట్టను చల్లటి గదిలో దాచి, అచ్చులో పరిచి, గాలి లాగేసి, ఆటోక్లేవ్‌లో ఒత్తిడి, వేడి పెట్టి ఉడికిస్తారు. సామాను ఖరీదు మారింది, శుభ్రత మారింది. మూలలో గాలి చిక్కకూడదన్న సూత్రం మారలేదు. ఆ కుర్రాడి బొటనవేలికి తెలిసిన సంగతి కాలేజీలో నేర్పాలంటే నెలలు పడుతుంది.

లోటు లేదని కాదు. విగ్రహంలో అర సెంటీమీటరు తేడా వచ్చినా దేవుడు ఏమీ అనడు. కారులో అర మిల్లీమీటరు తేడా వస్తే బోల్టు పట్టదు, వంద గ్రాములు పెరిగితే ఇంజనీరు ఊరుకోడు. వెర్నియర్ చూడటం, డ్రాయింగ్ చదవడం, బోల్టును టార్క్ రెంచ్‌తో చెప్పినంతే బిగించడం, చేసిన ప్రతి పనీ కాగితం మీద రాయడం నేర్చుకోవాలి. నాలుగోదే మనవాళ్లకు కష్టం. పని చేసేస్తారు, రాయరు. రేసు గ్యారేజీలో రాయని పని చేయని పనే.

ఒక రేసు వారాంతం ఎలా ఉంటుందో చూడండి. గురువారం లారీ దిగుతుంది, సామాను దించి గ్యారేజీ సర్దాలి. తర్వాత స్క్రూటినీ. నిబంధనల ప్రకారం ఉందో లేదో అధికారులు కారంతా చూస్తారు. ప్రాక్టీసులో ఒక కుర్రాడు మలుపు తప్పి బారియర్‌కు కొడతాడు. ముక్కు పగులుతుంది, సస్పెన్షన్ కడ్డీ వంగుతుంది. క్వాలిఫయింగ్‌కు గంటో రెండు గంటలో ఉంటుంది. ఒకరు వంగిన కడ్డీ విప్పుతారు, ఒకరు చక్రాల కోణం కొలుస్తారు, ఇంకొకరు పగిలిన ముక్కును గరుకు కాగితంతో రుద్ది లోపలి నుంచి మ్యాట్ అతికిస్తారు. అటు డ్రైవర్ తండ్రి మొహం వాడిపోయి ఉంటుంది, ఇటు టీమ్ మేనేజర్ గడియారం చూస్తుంటాడు. చవితికి ముందు రాత్రి మండపంవాళ్లు లారీతో వచ్చి గేటు దగ్గర నిలబడితే, కన్ను గీయాల్సిన విగ్రహాలు ఇంకా పది ఉంటే ఎలా ఉంటుందో ధూల్‌పేట్‌కు ఒకరు చెప్పాల్సిన పనిలేదు.

ఒక్క కారు వెనక ఎంతమంది ఉంటారో కూడా తెలుసుకోండి. మెకానిక్, టైర్లు చూసేవాడు, బాడీ ప్యానెళ్లు చేసేవాడు, వైరింగ్ చేసేవాళ్లు, డేటా ఇంజనీరు, లారీ డ్రైవరు. ఇళ్లలో కూర్చుని రాఖీలు అల్లే అమ్మాయిల వేళ్లకు వైరింగ్ హార్నెస్ పని బాగా కుదురుతుంది. సన్నటి తీగలు తడబడకుండా వరసగా కట్టే ఓపిక వాళ్ల దగ్గర ఇప్పటికే ఉంది.

చదువు సంగతికి వద్దాం. పదో తరగతి పాసైతే ధూల్‌పేట్‌కు దగ్గర్లోనే మల్లేపల్లి ఐటీఐ. ఏ ఐటీఐలో చేరినా చూడాల్సినవి మోటార్ మెకానిక్ వెహికల్, ఫిట్టర్ ట్రేడ్లు. రెండూ రెండేళ్లవి. వెల్డర్ ఏడాదిది. అచ్చుల పని ఇష్టమైనవాళ్లు చర్లపల్లిలోని ప్లాస్టిక్ శిక్షణ సంస్థ సిపెట్ గురించి కనుక్కోండి. పది తర్వాత మూడేళ్ల ప్లాస్టిక్ మౌల్డ్ టెక్నాలజీ డిప్లొమా ఉంది. బాలానగర్‌లోని సీఐటీడీ 1968 నుంచి టూల్, డై తయారీ నేర్పుతున్న కేంద్ర సంస్థ. దాని సర్టిఫికెట్‌కు ఫ్యాక్టరీల్లో గౌరవం ఉంది. పాలిటెక్నిక్ చేసినవాళ్లు ఈసెట్ రాసి బీటెక్ రెండో ఏడాదిలో చేరొచ్చు. బీటెక్‌లో ఉంటే కాలేజీ ఫార్ములా స్టూడెంట్ జట్టులో దూరండి. విద్యార్థులే కారు డిజైన్ చేసి, తయారుచేసి, ఫార్ములా భారత్ వంటి పోటీలకు తీసుకెళ్తారు. మార్కుల మెమో కంటే ఆ కారు ఫోటో, అందులో మీ చేతులతో చేసిన భాగం ఇంటర్వ్యూలో ఎక్కువ మాట్లాడతాయి. డేటా మీద మనసున్నవాళ్లు మోటెక్ ఐ2 సాఫ్ట్‌వేర్ ఉచితంగా దింపుకుని, డ్రైవర్ ఎక్కడ బ్రేక్ నొక్కాడు, ఎక్కడ వదిలాడు అనే గీతలు చదవడం ఇంట్లోనే సాధన చేయొచ్చు.

ట్రాక్ లోపలికి ఖర్చు లేకుండా అడుగుపెట్టే మార్గం మార్షల్ పని. జెండా ఊపడం, ట్రాక్ మీద ముక్కలు తీయడం, ఆగిన కారును పక్కకు నెట్టడం. 1953లో పుట్టిన మద్రాస్ మోటార్ స్పోర్ట్స్ క్లబ్ వాలంటీర్లకు శిక్షణ ఇచ్చి తన రేసులకు తీసుకుంటుంది. శ్రీపెరంబుదూరు దగ్గర ఇరుంగాట్టుకోట్టైలోని 3.717 కిలోమీటర్ల ట్రాక్ ఆ క్లబ్‌దే. జీతం ఆశించొద్దు. కానీ రెండు రోజులు ఎండలో నిలబడితే ఏ టీమ్ గ్యారేజీ శుభ్రంగా ఉంది, ఏ టీమ్ మెకానిక్కులు అరుచుకోరు అన్నది కళ్లారా తెలుస్తుంది. తర్వాత ఆ టీమ్ తలుపే తట్టండి. ఎంస్పోర్ట్, డార్క్ డాన్, అహురా లాంటి జట్లు ఏళ్లుగా జాతీయ ఛాంపియన్‌షిప్‌లో కార్లు దింపుతున్నాయి. అక్కడ సగం మాటలు తమిళంలో నడుస్తాయి. మీకు హిందీ, తెలుగు ఎలాగూ వచ్చు. వంద తమిళ మాటలు, సామాన్ల ఇంగ్లిష్ పేర్లు నేర్చుకుని వెళ్లండి.

డబ్బు విషయం దాచను. హెల్పర్లకు చాలాచోట్ల రేసు లెక్కన ఇస్తారు, నెల జీతం ఉండదు. చేరేముందు నాలుగు అడగండి. ప్రయాణం ఎవరిది, బస ఎక్కడ, భోజనం ఎవరిది, దెబ్బ తగిలితే ఆస్పత్రి బిల్లు ఎవరు కడతారు. నాలుగోదానికి సూటిగా జవాబు రాకపోతే చేరొద్దు. ఒకవేళ రేసింగ్‌లో నిలదొక్కుకోకపోయినా నేర్చుకున్న కాంపోజిట్ పని వృథా పోదు. ఆదిభట్లలో విమాన భాగాల ఫ్యాక్టరీలు, కంచన్‌బాగ్‌లో డీఆర్‌డీఓ ల్యాబులు ఉన్న ఊరు మనది. ఆ చేతిపనికి ఇక్కడే గిరాకీ ఉంది.

ఇంకో మాట, చెప్పడానికి మనసొప్పకపోయినా చెప్పాలి. ధూల్‌పేట్ అడ్రస్ చూడగానే గుడుంబా గుర్తొచ్చేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. ప్రభుత్వం గుడుంబా కాచిన కుటుంబాలకు పునరావాసం ఇచ్చి ఏళ్లు గడిచినా పేరు ఇంకా వదల్లేదు. ఈ అన్యాయానికి మీరు బాధ్యులు కారు. అయినా జాగ్రత్తపడక తప్పదు. పద్దెనిమిది నిండగానే పాస్‌పోర్టుకు దరఖాస్తు పెట్టండి. మన జట్లు విదేశీ ట్రాకులకూ వెళ్తుంటాయి. ఎంఆర్ఎఫ్ ఛాలెంజ్ సిరీస్ గతంలో బహ్రెయిన్, దుబాయ్ ట్రాకుల మీద కూడా జరిగింది. స్నేహితుల గొడవలో పేరు ఇరుక్కుని ఒక కేసు పడితే ఆ ప్రయాణం ఆగిపోవచ్చు.

కొబ్బరి పీచు కుర్రాడికి ఇదంతా చెప్పాను. అతను చేతులు కడుక్కుంటూ విన్నాడు. "రేసులు ఎప్పుడుంటయి?" అన్నాడు. 2024 సీజన్ లెక్క చెప్పాను. ఆగస్టు చివర్లో ఇరుంగాట్టుకోట్టై, ఆగస్టు 31, సెప్టెంబరు 1న చెన్నై ఐలాండ్ గ్రౌండ్స్ చుట్టూ వీధుల్లో రాత్రి రేసు, తర్వాత మళ్లీ ట్రాకుకు, అక్కణ్ణుంచి కోయంబత్తూరు. ఆ ఏడాది వినాయక చవితి సెప్టెంబరు 7.

"గప్పుడే మాకు గణపతి సీజన్ కదన్నా," అన్నాడు.

నిజమే. కానీ కార్ఖానాలో వేళలు వేరు. సాంచా పని చవితికి నెలల ముందే మొదలై ఆషాఢానికల్లా దాదాపు తెములుతుంది. ఆగస్టులో ఊపిరాడనిది రంగులు వేసేవాళ్లకు. అచ్చు పోసేవాళ్లకు అప్పుడు చేతులు ఖాళీ అవుతాయి. ధూల్‌పేట్‌లో నడిచే పతంగుల పని మళ్లీ సంక్రాంతి ముందు. పైగా 2020లో కాలుష్య నియంత్రణ మండలి మార్గదర్శకాలు వచ్చినప్పటి నుంచి పీఓపీ విగ్రహాల మీద ఏటా ఆంక్షల భయమే. ఆగస్టు నుంచి నవంబరు దాకా ఖాళీగా ఉండే ఆ చేతుల కోసమే ఈ పేజీ రాశాను.

అతను కాసేపు వేళ్లు మడిచి నెలలు లెక్కపెట్టుకున్నాడు. తర్వాత గోడకు ఆనించిన పాత ఫైబర్ అచ్చు ఒకటి తీసి, వెనక్కి తిప్పి, నేను చెప్పిన మ్యాట్ పొరలు ఎక్కడెక్కడ కనబడుతున్నాయో వేలితో తడిమి చూశాడు. "దీనికి రెసిన్ ఎంత కలుపుతరో తెలుసు," అన్నాడు. "కొలిచి రాసుకోలే, అంతే." నా చేతిలోని పెన్ను అడిగి తీసుకుని, సిమెంటు సంచి ముక్క చింపి, రెసిన్ ఎంతో, హార్డెనర్ ఎంతో మొదటిసారి రాశాడు.