పాఠం 14: మంచి సినిమా అని ఎలా చెప్పాలి?

14.1 ఉపోద్ఘాతం

మీరు ఇటీవల చూసిన ఒక సినిమాను గుర్తు తెచ్చుకోండి. అది ఎలా ఉందని మిత్రుడు అడిగితే ఏమని చెప్పారు? "బాగా ఆడుతోంది" అన్నారా? "అవార్డు వచ్చింది" అన్నారా? లేక "ఆ ఇంట్లో చీకటి పడే దృశ్యం మనసులో ఉండిపోయింది" అన్నారా? మొదటి జవాబు వసూళ్ళ గురించి. రెండవది ఇతరుల తీర్పు. మూడవది మాత్రమే మీరు స్వయంగా చూసి చెప్పినది. ఈ తేడాను కలకత్తా (నేటి కోల్‌కతా) నిర్మాత బి.ఎన్. సర్కార్ కృషి ఆధారంగా పరిశీలిద్దాం.

14.2 లక్ష్యాలు

ఈ పాఠం చదివిన తరువాత మీరు:

• బి.ఎన్. సర్కార్ సినీ జీవితంలోని ముఖ్య ఘట్టాలను వివరించగలుగుతారు.
• వసూళ్ళు, పేరు, పురస్కారం, కళావిలువ – వీటి మధ్య తేడా గుర్తించగలుగుతారు.
• ఒక సినిమాపై మీ అభిప్రాయాన్ని కారణాలతో రాయగలుగుతారు.

14.3 ఇంజనీరు నిర్మాత అయిన విధం

బీరేంద్రనాథ్ సర్కార్ 1901లో జన్మించారు. తండ్రి పేరుపొందిన న్యాయవాది. కుమారుడు మాత్రం లండన్‌లో ఇంజనీరింగ్ చదివారు. తిరిగి వచ్చాక ఒక సినిమా హాలు కట్టే పని ఆయనకు వచ్చింది. ఆ పని వల్ల సినిమాపై ఆసక్తి కలిగి, తానే 'చిత్రా' అనే హాలు నిర్మించారు. దానిని 1930లో సుభాష్ చంద్రబోస్ ప్రారంభించారు. 1931 ఫిబ్రవరి 10న సర్కార్ 'న్యూ థియేటర్స్' సంస్థను స్థాపించారు. టాలీగంజ్‌లో దాని స్టూడియో వెలసింది.

ఆ రోజుల్లో మన తెలుగువారికీ కలకత్తాతో సంబంధం ఉంది. సి. పుల్లయ్య దర్శకత్వంలో 'లవకుశ' (1934) అక్కడి ఈస్ట్ ఇండియా ఫిల్మ్ కంపెనీలోనే తయారయింది.

14.4 ఆయన పని చేసిన పద్ధతి

న్యూ థియేటర్స్ మొదటి టాకీ 'దేనా పావనా' (1931). శరత్‌చంద్రుని నవల దానికి ఆధారం. తొలి చిత్రాలు లాభం తేలేదు. అయినా సర్కార్ వెనుకంజ వేయలేదు. దేవకీబోస్ దర్శకత్వం వహించిన 'చండీదాస్' (1932) విజయం సాధించింది. దర్శకులు, సంగీత దర్శకులు, సాంకేతిక నిపుణులు నెల జీతంపై ఒకేచోట పనిచేసేవారు. ఒక చిత్రం నష్టపోయినంత మాత్రాన వారి పని ఆగేది కాదు. అందువల్ల కొత్త ప్రయోగాలకు వీలు కలిగింది. నితిన్ బోస్ 'భాగ్యచక్ర' (1935)లో నేపథ్యగానాన్ని ప్రవేశపెట్టారు. ఛాయాగ్రాహకుడైన బిమల్ రాయ్‌కు 'ఉదయేర్ పథే' (1944)తో దర్శకునిగా తొలి అవకాశం వచ్చింది.

దీనినిబట్టి మీరు ఏమి గ్రహించారు? నిర్మాత తీర్పు సినిమా పూర్తయ్యాక ఇచ్చేది కాదు. కథనూ, మనుషులనూ ఎంచుకునేటప్పుడే ఆయన ఆ తీర్పు ఇస్తాడు. తప్పు అయితే నష్టం కూడా ఆయనే భరించాలి.

14.5 ఒక ఉదాహరణ: 'నటీర్ పూజ'

1932లో సర్కార్ ఆహ్వానంపై రవీంద్రనాథ్ ఠాగూర్ తన నాటకం 'నటీర్ పూజ'ను న్యూ థియేటర్స్‌లో చిత్రీకరించారు. శాంతినికేతన్ విద్యార్థులు అందులో నటించారు. చిత్రం ఆడలేదు. దీనిని ఎలా అంచనా వేయాలి?

పేరును చూస్తే, తీసినవారు నోబెల్ బహుమతి పొందిన కవి. వసూళ్ళను చూస్తే, అది అపజయం. ఈ రెండూ ఆ సినిమా గురించి ఏమీ చెప్పవు. "రంగస్థలంపై ఆడిన నాటకాన్ని కెమెరా అలాగే పట్టుకుందా, లేక దృశ్యంగా మార్చిందా?" అన్నది సరైన ప్రశ్న. ఈ ప్రశ్నకు జవాబు సినిమా చూస్తేనే దొరుకుతుంది. స్టూడియోలో జరిగిన అగ్నిప్రమాదం వల్ల ఆ చిత్రం పూర్తిగా నేడు లభించడం లేదు. కాబట్టి మనం తొందరపడి తీర్పు చెప్పకూడదు.

14.6 అనుభవజ్ఞులూ పొరబడతారు

అదే కలకత్తాలో సత్యజిత్ రాయ్ 'పథేర్ పాంచాలి' కథతో చాలామంది నిర్మాతల దగ్గరికి వెళ్ళారు. వారు నిరాకరించారు. చివరకు పశ్చిమ బెంగాల్ ప్రభుత్వం డబ్బు ఇచ్చింది. 1955లో విడుదలైన ఆ చిత్రానికి రాష్ట్రపతి స్వర్ణపతకం, మరుసటి ఏడాది కాన్స్‌లో పురస్కారం లభించాయి. వద్దన్నవారు సినిమా తెలియనివారు కారు. అలవాటైన కొలతతో కొత్తదాన్ని కొలిచారు.

పురస్కారం కూడా ఒక్కొక్కప్పుడు ఆలస్యంగా వస్తుంది. సర్కార్‌కు 1970 సంవత్సరపు దాదాసాహెబ్ ఫాల్కే అవార్డు వచ్చేనాటికి న్యూ థియేటర్స్ వైభవం ముగిసి చాలా కాలమైంది. 1972లో పద్మభూషణ్ లభించింది. ఆయన 1980లో మరణించారు.

14.7 మీరు నేర్చుకున్నవి

• వసూళ్ళు ఎంతమంది చూశారో చెబుతాయి. ఎందుకు చూశారో చెప్పవు.
• పురస్కారం కొందరి తీర్పు. దానికి కారణాలు వెతకడం మన పని.
• మంచి అంచనాకు సినిమాలోని దృశ్యం, ధ్వని, నటన ఆధారం కావాలి.

14.8 అభ్యాసం

1. న్యూ థియేటర్స్‌లో నెల జీతం పద్ధతి ప్రయోగాలకు ఎలా తోడ్పడింది?

2. శరత్‌చంద్రుని 'దేవదాసు' నవలను న్యూ థియేటర్స్ 1935లోనూ, తెలుగువారు 1953లోనూ చిత్రించారు. తెలుగు చిత్రం చూసి, మీకు నచ్చిన ఒక దృశ్యాన్ని ఎన్నుకోండి. "బాగుంది" అన్న మాట వాడకుండా, అది ఎందుకు నచ్చిందో పది వాక్యాలలో రాయండి.

3. మీకు నచ్చని ఒక సినిమాలో మెచ్చుకోదగిన ఒక అంశం రాయండి. ఇది రాయగలిగితే, మీకు ఇష్టమైనదానికీ మంచిదానికీ తేడా తెలిసినట్లే.