కాలువ నీళ్లు చూపించే లోతు



దసరా సెలవులు దగ్గరపడ్డాయి. పిల్లలు పుస్తకాలు పక్కన పెట్టే ముందు ఫిజిక్స్ పాఠం ఒకటి మీతో చదివించాలని ఈ నెల ఈ పేజీ అడిగి తీసుకున్నాను. సూర్యాపేటలో గానీ, కోదాడ, మిర్యాలగూడల్లో గానీ మన పిల్లల్ని 'తరంగం అంటే ఏమిటి?' అని అడిగి చూడండి. నిర్వచనం తడుముకోకుండా చెప్తారు. మార్కులూ తెచ్చుకుంటారు. అదే పిల్లాడు కాలువ గట్టున నిలబడి 'ఇక్కడ లోతు లేదులే' అనుకునేటప్పుడు మాత్రం ఆ పాఠం గుర్తుకు రాదు. నా భయమంతా అదే.

ముందు బతుకమ్మ దగ్గర మొదలుపెడదాం. సూర్యాపేట సద్దుల చెరువులో వదిలిన బతుకమ్మ ఒక్కోసారి గట్టు దగ్గరే ఆగిపోతుంది. దాన్ని లోపలికి పంపాలని పిల్లలు దాని వెనక ఒక రాయి వేస్తారు. గుండ్రంగా అలలు లేచి, బతుకమ్మ కింది నుంచి అవతలికి సాగిపోతాయి. బతుకమ్మ మాత్రం పైకి లేచి, కిందికి దిగి, దాదాపు ఉన్నచోటే ఉంటుంది. అల మోసుకెళ్లేది శక్తిని, నీటిని కాదు. ఈ సంగతి మన అమ్మమ్మలకు పుస్తకం చదవకుండానే తెలుసు. వాళ్లు రాయి వేయరు, చేత్తో నీళ్లనే నెడతారు. అప్పుడు నీళ్లే కదులుతాయి కాబట్టి పూలూ వాటితో పోతాయి. అలకూ ప్రవాహానికీ ఉన్న ఈ తేడా గుర్తుంచుకోండి, కాసేపట్లో మళ్లీ పనికొస్తుంది.

శబ్దం కూడా ఇలాంటిదే. మీరు పిలిస్తే మీ నోటి దగ్గరి గాలి వెళ్లి పిల్లల చెవిలో పడదు, గాలిలో పుట్టిన కదలిక మాత్రమే వెళ్తుంది. సెకనుకు సుమారు 340 మీటర్లు వెళ్తుంది. 65వ నంబరు జాతీయ రహదారి పక్కన ఉండేవాళ్లకు ఇంకో వింత రోజూ వినిపిస్తుంది. హారన్ కొడుతూ వచ్చే లారీ మనల్ని దాటగానే ఆ మోత స్వరం దిగిపోతుంది. గంటకు 80 కిలోమీటర్ల వేగంతో వచ్చే లారీ హారన్ సెకనుకు 400 కంపనాలు చేస్తుంటే, ఎదురుగా వచ్చేటప్పుడు మనకు దాదాపు 428 వినిపిస్తాయి, దాటిపోయాక 376. సంగీతం నేర్చుకునే పిల్లలైతే 'రి' నుంచి 'స'కు దిగినట్టుందని పట్టేస్తారు. డ్రైవరుకు మాత్రం ఏ మార్పూ తెలియదు.

వెలుగు వేగం వేరే లెక్క. సెకనుకు మూడు లక్షల కిలోమీటర్లు. అందుకే మెరుపు ముందు కనబడి, ఉరుము వెనక వినబడుతుంది. మెరుపు కనిపించగానే అంకెలు లెక్కపెట్టమనండి. ప్రతి మూడు సెకన్లకు సుమారు ఒక కిలోమీటరు దూరం. ముప్పై లెక్కపెట్టేలోపే ఉరిమిందంటే పిడుగు పడే ముప్పు దగ్గర్లోనే ఉన్నట్టు. పొలంలోంచి, చెట్టు కిందినుంచి పక్కా ఇంట్లోకి రావాల్సిందే. ఆఖరి ఉరుము తర్వాత కూడా అరగంట ఆగాలి.

ఇక అసలు విషయానికి వస్తాను. వెలుగుకు గాలిలో ఉన్న వేగం నీళ్లలో ఉండదు. అక్కడ సెకనుకు రెండుంపావు లక్షల కిలోమీటర్లకు తగ్గుతుంది. వేగం మారితే దారి ఎందుకు వంగాలి? ఇది క్లాసులో ఎన్నిసార్లు బొమ్మ గీసినా కొందరికి ఎక్కదు. ట్రాక్టరు సంగతి చెప్తే వెంటనే ఎక్కుతుంది. దమ్ము చేసిన మడిలోంచి ట్రాక్టరు ఏటవాలుగా గట్టి నేల మీదికి వస్తోందనుకోండి. ముందు బయటపడిన చక్రం జోరందుకుంటుంది, రెండోది ఇంకా బురదలోనే ఈడుస్తూ ఉంటుంది. స్టీరింగు తిప్పకపోయినా బండి బురద వైపుకే ఒరిగి తిరుగుతుంది. నీళ్లలోంచి ఏటవాలుగా గాలిలోకి వచ్చే వెలుగూ అలాగే నీటి ఉపరితలం వైపుకు వంగుతుంది. పదో తరగతి పుస్తకంలో 'వక్రీభవనం' అన్నది దీన్నే.

వెలుగు వంగి వచ్చిందని మన కంటికి తెలియదు. తిన్నగానే వచ్చిందనుకుంటుంది. అందుకే అడుగున ఉన్నది పైకి తేలినట్టు కనిపిస్తుంది. నిటారుగా పైనుంచి చూసినా అసలు లోతులో ముప్పావు వంతే కనబడుతుంది. గట్టు మీది నుంచి ఏటవాలుగా చూస్తే ఇంకా తక్కువ. అంటే ఆరడుగుల నీళ్లు నాలుగున్నర అడుగుల్లా కనిపిస్తాయి. ఐదడుగుల పిల్లాడు మెడ దాకా వస్తాయేమో అనుకుని దిగుతాడు. అక్కడ నీళ్లు అతని తల మీద ఇంకో అడుగు ఉంటాయి.

నాగార్జునసాగర్ కాలువల్లోకి 1967లో నీళ్లు వదిలారు. కాగితాల మీద లాల్ బహదూర్ కాలువ అనే ఎడమ కాలువే మన మిర్యాలగూడ, కోదాడ ప్రాంతాల పొలాలకు ప్రాణం. వానాకాలం పంటకు నీళ్లు వదిలాక, సరిగ్గా మన సెలవుల రోజుల్లో, కాలువ నిండుగా ఉంటుంది. పైన అలలు లేవు కాబట్టి నీళ్లు ఆగి ఉన్నాయనుకోవడం రెండో పొరపాటు. బతుకమ్మ సంగతి చెప్పాను కదా, అల మనిషిని మోసుకుపోదు, ప్రవాహం మోసుకుపోతుంది. అది పైకి నున్నగా కనిపిస్తూనే లోపల జోరుగా పారగలదు. పైగా సిమెంటు వాలుకు పాకుడు పట్టి ఉంటే దిగినంత తేలిక కాదు ఎక్కడం. ఈత వచ్చిన పిల్లలకూ ఇది వర్తిస్తుంది. బావిలో ఈత వేరు, పారే నీళ్లలో ఈత వేరు.

'కాలువకు వెళ్లొద్దు' అని మీరు ఇప్పటికే చాలాసార్లు చెప్పి ఉంటారు. ఈసారి చెప్పడానికి బదులు చూపించండి. ఒక స్టీలు గిన్నె అడుగున రూపాయి బిళ్ల పెట్టండి. పిల్లల్ని గిన్నెలోకి చూస్తూ మెల్లగా వెనక్కి జరగమనండి. గిన్నె అంచు అడ్డొచ్చి బిళ్ల కనబడకుండా పోయిన చోట ఆపండి. ఇప్పుడు బిళ్ల కదలకుండా, మెల్లగా నీళ్లు పోయండి. పిల్లలు కదలరు, బిళ్ల కదలదు, అయినా అది మళ్లీ కనిపిస్తుంది. 'ఇంట్లో గిన్నెలో ఇంత మోసం చేస్తే, కాలువలో ఎంత చేస్తాయి?' అని అప్పుడు అడగండి. జవాబు వాళ్లనే చెప్పనివ్వండి.

ఇంకొక్క మాట. తోటి పిల్లాడు నీళ్లలో పడితే వెనకే దూకడం పిల్లలకు ధైర్యంగా తోస్తుంది. దూకకూడదు. గట్టిగా కేకలు వేసి పెద్దవాళ్లను పిలవాలి, 112కు ఫోన్ చేయాలి. గట్టు మీద వెనక్కి ఉండి తాడో, కర్రో, చున్నీయో, మూత బిగించిన ఖాళీ క్యానో అందించాలి. ఇవి ఇంట్లో ఒకసారి చేయించి చూడండి.

సెలవులయ్యాక మొదటి రోజు ఎనిమిది నుంచి పది తరగతుల వరకు మా టీచర్లు అడిగే ప్రశ్న ఒకటే: రూపాయి బిళ్ల ఎన్ని గ్లాసుల నీళ్లకు కనిపించింది?