రక్తవర్గాలు – లాండ్‌స్టైనర్ పరిశోధన

‘ఒకే రక్తం పంచుకొని పుట్టినవారు’ అని తోబుట్టువులను గురించి అనడం తెలుగువారి నుడికారం. ఆత్మీయతకు అది చక్కని మాటే. ఆసుపత్రిలో మాత్రం దానిని నమ్ముకోరాదు. అన్నది ‘ఏ’ వర్గమైతే తమ్మునిది ‘బి’ వర్గం కావచ్చు. అన్న రక్తం తమ్మునికి ప్రాణాంతకమై, ముక్కుమొగము ఎరుగని మనిషి రక్తం ప్రాణం నిలుపవచ్చు. ఈ భేదాన్ని తొలిసారి నిరూపించిన శాస్త్రవేత్త కార్ల్ లాండ్‌స్టైనర్.

లాండ్‌స్టైనర్ 1868 జూన్ 14న ఆస్ట్రియాలో వియన్నా సమీపాన ఉన్న బాడెన్‌లో జన్మించాడు. ఆరేండ్ల వయస్సులోనే తండ్రిని కోల్పోయాడు. 1891లో వైద్యపట్టా పొందిన పిమ్మట కొన్నేండ్లు రసాయనశాస్త్రాన్ని అభ్యసించాడు. వైద్యుడు రసాయనశాస్త్రం వైపు మళ్లడం ఆనాటివారికి వింతగా తోచి ఉండవచ్చు. కానీ ఆయన తరువాతి కృషికంతటికీ పునాది అదే.

అప్పటికి రక్తమార్పిడి కొత్త ఆలోచన కాదు. 1667లో పారిస్‌లో డెనీ అనే వైద్యుడు గొర్రెపిల్ల రక్తాన్ని మనిషికి ఎక్కించాడు. తరువాత ఒక రోగి మరణించి, వ్యవహారం న్యాయస్థానానికి ఎక్కడంతో ఫ్రాన్సులో ఆ ప్రక్రియ నిషేధానికి గురైంది. 19వ శతాబ్ది తొలిపాదంలో లండన్ వైద్యుడు బ్లండెల్ మనిషి రక్తాన్నే మనిషికి ఎక్కించసాగాడు. ప్రసవానంతర రక్తస్రావంతో మృత్యుముఖంలో ఉన్న స్త్రీలకు అది చివరి ఆశ. కొందరు బ్రతికారు, కొందరు మరణించారు. కారణం ఎవరికీ అంతుపట్టలేదు.

ఒకరి రక్తరసిలో మరొకరి ఎర్రకణాలను కలిపితే అవి ఒక్కొక్కప్పుడు గుంపులుగా అతుక్కుపోవడాన్ని నాటి వైద్యులు గమనించారు. దీనినే గుచ్ఛీకరణం అంటారు. పలువురు దానిని రోగలక్షణంగా భావించారు. లాండ్‌స్టైనర్‌కు కలిగిన సందేహం వేరు. ఆరోగ్యవంతుల రక్తాలలోనే సహజమైన తేడాలు ఉన్నాయేమో! తనతోపాటు ఐదుగురు సహచరుల రక్తం తీసి, రక్తరసిని, కణాలను వేరుచేసి, ప్రతివారి రసిని ప్రతివారి కణాలతో కలిపి చూశాడు. ఎవరి రసి కూడా వారి సొంత కణాలను అతికించలేదు. ఇతరుల విషయంలో ఒక క్రమం కనిపించింది. ఆరుగురు మూడు జంటలయ్యారు. ఒక జంట రసి రెండవ జంట కణాలను గుంపుకట్టించగా, రెండవ జంట రసి మొదటి జంట కణాలను గుంపుకట్టించింది. మూడవ జంట రసి మిగిలిన నలుగురి కణాలనూ అతికించింది. వారి కణాలు మాత్రం ఎవరి రసికీ లొంగలేదు. లాండ్‌స్టైనర్ స్వయంగా ఆ మూడవ జంటలోనివాడే.

1901లో వెలువడిన వ్యాసంలో ఆయన వీటిని ఏ, బి, సి వర్గాలన్నాడు. ‘సి’ తరువాతి కాలంలో ‘ఓ’గా మారింది. ‘ఏబి’ వర్గాన్ని 1902లో ఆయన సహచరులు గుర్తించారు. కణాల ఉపరితలంపై ఉండే ప్రతిజనకాలు, రసిలో ఉండే ప్రతిదేహాలు ఈ భేదానికి మూలం. చికిత్సలో రక్తం ఎక్కించినపుడు ఫలితాలు ఒకే తీరుగా ఉండకపోవడాన్ని ఈ పరిశీలన వివరించగలదని వ్యాసం చివర ఆయన క్లుప్తంగా సూచించి ఊరుకున్నాడు. ఎందరి ప్రాణాలతోనో ముడిపడిన మాటను అంత తక్కువ స్వరంతో చెప్పడం నేటివారికి ఆశ్చర్యంగానే ఉంటుంది.

వైద్యలోకం వెంటనే మేల్కొనలేదు. 1907లో న్యూయార్క్‌లో ఆటెన్‌బర్గ్ అనే వైద్యుడు దాత రక్తాన్ని రోగి రక్తంతో ముందుగా సరిపోల్చి ఎక్కించాడు. 1914లో సోడియం సిట్రేటుతో రక్తం గడ్డకట్టకుండా నిలుపగలిగారు. లాండ్‌స్టైనర్‌కు నోబెల్ బహుమతి 1930లో లభించింది.

వర్గం కుదిరినా ప్రమాదం పూర్తిగా తొలగలేదు. మృతశిశువును ప్రసవించిన ఒక స్త్రీకి భర్త రక్తం ఎక్కించారు. ఇద్దరిదీ ‘ఓ’ వర్గమే. అయినా ఆమెకు తీవ్రమైన ప్రతిక్రియ కలిగింది. లాండ్‌స్టైనర్ పూర్వ సహచరుడు లెవీన్, స్టెట్సన్‌తో కలిసి 1939లో ఈ సంఘటనను ప్రకటించాడు. మరుసటి ఏడే లాండ్‌స్టైనర్, వీనర్ రీసస్ కోతి రక్తకణాలతో చేసిన ప్రయోగాల ద్వారా ‘ఆర్‌హెచ్’ కారకాన్ని వెల్లడించారు. అప్పటికి లాండ్‌స్టైనర్ వయస్సు డెబ్బై దాటింది. 1943లో ప్రయోగశాలలో పనిచేస్తుండగానే గుండెపోటు వచ్చి, రెండు రోజులకు మరణించాడు. ఆయన పుట్టినరోజైన జూన్ 14న 2004 నుండి ప్రపంచ రక్తదాతల దినోత్సవం జరుపుతున్నారు.

1952లో వై.ఎం. భెండే, ఆయన సహచరులు బొంబాయిలో మరొక అరుదైన రక్తాన్ని కనుగొన్నారు. దీనిని ‘బాంబే రక్తవర్గం’ అంటారు. ఏ, బి ప్రతిజనకాలకు ఆధారమైన ‘హెచ్’ అనే పదార్థమే వీరి కణాలపై ఉండదు. సాధారణ పరీక్షలో ఇది ‘ఓ’ వర్గంగానే కనిపిస్తుంది. కానీ ‘ఓ’ వర్గపు కణాలపై ‘హెచ్’ ఉంటుంది కనుక ఆ రక్తం వీరికి ప్రాణహాని కలిగిస్తుంది. తమ వర్గంవారి రక్తమే కావాలి. అందుచేత చీటీపై రాసిన వర్గం ఒక్కటే చూసి తృప్తిపడక, రోగి రసిని దాత కణాలతో కలిపి గుచ్ఛీకరణం కలుగుతుందో లేదో చూసిన తరువాతనే రక్తం ఎక్కిస్తారు.