ఇంజన్ దించే ముందు

అత్తిబెలెలో కాపురముంటూ రోజూ బొమ్మసంద్రకు డ్యూటీకి వెళ్లే ఒకాయన, ఆరు నెలల కిందట మూడున్నర లక్షలు పోసి సెకండ్ హ్యాండ్ కారు కొన్నాడనుకుందాం. చందాపుర దగ్గర టెంపరేచర్ ముల్లు పైకి లేచింది. బానెట్ సందుల్లోంచి ఆవిరి వచ్చింది. బండి పక్కకు తీసి ఆపాక ఇంజన్ మళ్లీ తిరగలేదు. షెడ్డుకు చేర్చాక మెకానిక్ ఆయిల్ మూత విప్పి లోపలివైపు చూపించాడు. పాలు ఎక్కువైన కాఫీ రంగులో జిడ్డు నురగ అంటుకుని ఉంది. "కూలెంటు ఆయిల్లో కలిసిపోయిందన్నా. హెడ్డు వంగింది, బోరు కూడా గీసుకునుంటుంది. రీబోర్ చేసినా నేను గ్యారంటీ చెప్పలేను. శివాజీనగర్లో ఇదే మోడల్ ఇంజన్ ఒకటుంది, లక్షా పదివేలు. సరేనంటే రేపే దించేస్తా" అన్నాడు.

ఇలాంటప్పుడు చాలామంది సరే అనేస్తారు. మర్నాడు ఆఫీసుకు వెళ్లాలి, పిల్లల్ని బడిలో దించాలి. కానీ ఇంజన్ మార్చాలా వద్దా అన్నది మెకానిక్ ఒక్కడే తేల్చే విషయం కాదు. అమ్మినవాడి మీద మీకు హక్కు ఉందో లేదో తేలాలంటే, ఆ పాడైన ఇంజనే మీ సాక్ష్యం. దాన్ని విప్పేసి, పాత సామాను గుజిరీకి వేసేశాక, "నేను అమ్మినప్పుడు బండి బాగానే ఉంది, నువ్వే నీళ్లు లేకుండా తోలావు" అని అమ్మినవాడు అంటే మీ దగ్గర జవాబుండదు. అందుకే రెంచి పట్టుకునే ముందు ఒక వారం ఆగండి.

వినియోగదారుల రక్షణ చట్టం 2019లోని 38వ సెక్షన్, పైకి చూసి తేల్చలేని లోపం ఉన్న వస్తువును పరీక్షకు పంపి నివేదిక తెప్పించుకునే అధికారాన్ని జిల్లా వినియోగదారుల కమిషన్‌కు ఇచ్చింది. పరీక్షించడానికి వస్తువంటూ మిగిలుంటేనే ఆ అధికారం మీకు పనికొస్తుంది. ఇంజన్ చప్పుడు గురించి ఫియట్ కారు కొన్న వినియోగదారుడు వేసిన కేసు 2010లో సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. కంపెనీ అప్పటికే ఇంజన్ మార్చి ఇచ్చింది. అయినా, స్వతంత్ర నిపుణుడు పరీక్షించి తయారీలోనే లోపం ఉందని తేల్చితే డబ్బు వాపసు ఇవ్వాలని కోర్టు చెప్పింది. అది కొత్త కారు కేసు. కానీ ఇంజన్ తగాదాలో ఫలితం నిపుణుడి మాట మీద ఎంత ఆధారపడుతుందో అందులో కనిపిస్తుంది.

ఆ వారంలో చేయాల్సిన పని ఎక్కువేమీ లేదు. మీటరు రీడింగు, బ్లాకు మీద కొట్టిన ఇంజన్ నంబరు, ఛాసిస్ నంబరు, ఆయిల్ మూత కింద నురగ, ఖాళీ కూలెంటు డబ్బా, వీటన్నిటినీ తేదీ కనబడేలా ఫోటోలు, వీడియో తీయండి. షెడ్డు మెకానిక్ కాక మరొకరితో, వీలైతే కంపెనీ సర్వీసు సెంటరుతో, కంప్రెషన్ పరీక్ష చేయించి కాగితం మీద రిపోర్టు తీసుకోండి. కంపెనీ సెంటర్లో సర్వీసు చరిత్ర కూడా అడగండి. రెండేళ్ల కిందటి జాబ్ కార్డులో తొంభై వేల కిలోమీటర్లు ఉండి, మీరు కొన్న రోజు మీటరులో అరవై వేలు ఉంటే, మీ కేసులో అంతకు మించిన సాక్ష్యం అక్కర్లేదు.

తర్వాత అమ్మినవాడికి రాతపూర్వకంగా కబురు పెట్టండి. స్పీడ్ పోస్టు మంచిది, దానితోపాటు వాట్సాప్‌లోనూ పంపండి. మాటలు ఇలా ఉంటే చాలు: "ఫలానా తేదీన మీరు నాకు అమ్మిన ఫలానా నంబరు కారు ఇంజన్ ఫలానా తేదీన ఆగిపోయింది. కూలెంటు ఆయిల్లో కలిసినట్టు ఫలానా సర్వీసు సెంటర్ రిపోర్టు ఇచ్చింది, ప్రతి జతచేశాను. ఇంజన్ ఇంకా విప్పలేదు. 7 రోజుల్లో మీరు గానీ మీ మెకానిక్ గానీ వచ్చి చూసుకోవచ్చు. రాకపోతే నేను మరమ్మతు చేయించుకుని ఆ ఖర్చు మీ నుంచి కోరతాను." తిట్లు, బెదిరింపులు వద్దు. ఆ సందేశాన్ని రేపు కమిషన్ చదువుతుంది. ఫోన్ మార్చినా ఆ చాట్‌లు పోకుండా చూసుకోండి. భారతీయ సాక్ష్య అధినియం 63వ సెక్షన్ ప్రకారం వాట్సాప్ సందేశాలు దాఖలు చేసేటప్పుడు ఒక సర్టిఫికెట్ జతచేయాలి.

గడువు దాటినా కారును నెలల తరబడి షెడ్డులో ఉంచి రోజూ క్యాబ్ ఖర్చు రాసుకుంటూ కూర్చోవద్దు. కాంట్రాక్టు చట్టం 73వ సెక్షన్ ప్రకారం, నష్టాన్ని తగ్గించుకోవడానికి మీ చేతిలో ఉన్న మార్గాలేమిటో కూడా లెక్కలోకి వస్తుంది. కబురు పెట్టారు, ఆగారు, వాళ్లు రాలేదు, మరమ్మతు చేయించారు, పాత భాగాలు గోనెసంచిలో కట్టి దాచారు. ఈ వరుసలో ఉంటే మీ క్లెయిముకు బలం ఉంటుంది.

అమ్మింది ఎవరన్నది తర్వాతి ప్రశ్న. సెకండ్ హ్యాండ్ కార్ల వ్యాపారి దగ్గర కొంటే మీరు వినియోగదారుడే, పాత వస్తువు కొన్నంత మాత్రాన హక్కు పోదు. వస్తువుల విక్రయ చట్టం 1930లోని 16వ సెక్షన్ ప్రకారం, ఆ రకం సరుకు అమ్మే వ్యాపారి అమ్మిన వస్తువు అమ్మకానికి తగిన నాణ్యతలో ఉండాలి. అయితే అందులోనే ఒక మెలిక ఉంది. కొనేవాడు పరీక్షించి ఉంటే, ఆ పరీక్షలో బయటపడాల్సిన లోపాల గురించి తర్వాత గొడవ చేయలేడు. బానెట్ తెరిచి చూస్తే కనబడే ఆయిల్ కారడం వేరు, హెడ్డుకు సీలెంట్ పూసి దాచిన పగులు వేరు. రెండో దానికే చట్టం తోడుంటుంది. "ఉన్నది ఉన్నట్టు" అన్న కాగితం మీద మీరు సంతకం పెట్టి ఉన్నా, తెలిసి దాచిన మోసాన్ని ఆ కాగితం కాపాడదు.

పక్కింటాయన దగ్గరో, ఆఫీసు స్నేహితుడి దగ్గరో కొంటే దారి మారుతుంది. ఆయన వ్యాపారి కాడు కాబట్టి వినియోగదారుల కమిషన్ సాధారణంగా తీసుకోదు, సివిల్ కోర్టుకు వెళ్లాలి. అబద్ధం చెప్పి అమ్మాడని రుజువు చేయాలి. కాంట్రాక్టు చట్టం 19వ సెక్షన్ మినహాయింపు ఇక్కడ మనవాళ్లను చాలాసార్లు దెబ్బతీస్తుంది. మామూలు జాగ్రత్తతో నిజం తెలుసుకునే వీలున్నా మీరు తెలుసుకోలేదంటే, అమ్మినవాడి మౌనాన్ని సాకుగా చూపి ఒప్పందాన్ని రద్దు చేసుకోలేరు. కొనే ముందు వెయ్యో రెండు వేలో ఇచ్చి మెకానిక్‌తో చూపించుకోమని అందుకే అంటున్నాను. మధ్యలో కమిషన్ తీసుకున్న బ్రోకరు ఉంటే, ఆయన ఇచ్చింది సేవే. అందులో లోపం ఉంటే ఆయన మీద ఫిర్యాదుకు అవకాశం ఉంది.

బెంగళూరులో కొనేవాళ్లు నీళ్ల సంగతి ప్రత్యేకంగా అడగాలి. 2022 సెప్టెంబరు మొదటి వారంలో కురిసిన వానకు అవుటర్ రింగ్ రోడ్డు, బెళ్లందూరు, యెమలూరు వైపు కార్లు అద్దాల దాకా మునిగాయి. మునిగిన ఇంజన్ కొన్నాళ్లు బాగానే నడిచి ఆ తర్వాత మొండికేయవచ్చు. సీటు పట్టాల కింద తుప్పు, స్పేర్ టైరు గుంతలో ఒండ్రు, కార్పెట్ వాసన చూడండి. పాత పాలసీ నంబరు తీసుకుని బీమా క్లెయిము చరిత్ర అడగండి. ఇక మీ సొంత బీమా సంగతి: అరిగిపోయి ఆగిన ఇంజన్‌కు మామూలు పాలసీ పైసా ఇవ్వదు. నీళ్లు పోయిన ఇంజన్‌కు కూడా ఇంజన్ ప్రొటెక్షన్ యాడ్ ఆన్ ఉంటేనే ఆశ పెట్టుకోవచ్చు.

మరి మార్చాలా? నా అభిప్రాయం దాచను. హెడ్డు ఒక్కటే వంగితే లేత్‌లో చదును చేయించి గ్యాస్కెట్ మార్చుకోవడం మేలు. బోరు పోతే రీబోర్ గానీ, కంపెనీ నుంచి బిల్లుతో వచ్చే హాఫ్ ఇంజన్ గానీ చూడండి. బిల్లు లేని పాత ఇంజన్ ఎంత చవకైనా వద్దు. ఆర్‌సీలో మిగిలిన కాలం కూడా చూసుకోండి. సొంత కారుకు నమోదు 15 ఏళ్లు, తర్వాత ఫిట్‌నెస్ చూపించి ఐదేళ్లకొకసారి పొడిగించుకోవచ్చు. పదమూడో ఏట ఉన్న కారుకు దాని ధరలో సగం పెట్టి ఇంజన్ వేయడం కంటే, నమోదిత స్క్రాపింగ్ కేంద్రంలో ఇచ్చి డిపాజిట్ సర్టిఫికెట్ తీసుకోవడం లాభం కావచ్చు. కొత్త బండి కొనేటప్పుడు దాని మీద పన్ను రాయితీ దొరికే వీలుంది.

మార్చడమే ఖాయమైతే ఒక సంగతి మరవకండి. ఇంజన్ నంబరు మీ ఆర్‌సీలో ఉంది, బీమా పాలసీలోనూ ఉంది. అది బ్లాకు మీద కొట్టి ఉంటుంది కాబట్టి హెడ్డు మార్చినా, రీబోర్ చేసినా నంబరు మారదు. బ్లాకు మారితే మారుతుంది. అప్పుడు ముందుగా మీరుండే ప్రాంతపు ఆర్టీవో అనుమతి తీసుకుని, అదే కంపెనీ, అదే మోడల్, అదే ఇంధనం ఇంజన్ బిగించి, మోటారు వాహనాల చట్టం 1988లోని 52వ సెక్షన్ చెప్పే 14 రోజుల్లోపు ఆ సంగతి తెలిపి ఆర్‌సీలో కొత్త నంబరు ఎక్కించుకోవాలి. తయారీదారు చెప్పిన వివరాలకు భిన్నంగా వాహనాన్ని మార్చకూడదని సుప్రీంకోర్టు 2019 జనవరిలో గట్టిగా చెప్పింది. అనుమతి లేని మార్పుకు 182ఎ సెక్షన్ కింద ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ పడవచ్చు. కారు మీద అప్పు ఉంటే ఫైనాన్స్ సంస్థ రాతపూర్వక సమ్మతీ తీసుకోండి. బీమా కంపెనీకి కొత్త నంబరు తెలిపి పాలసీలో సవరణ చేయించండి.

పాత ఇంజన్ కొంటే, ఏ బండి నుంచి తీశారో ఆ బండి నంబరు, ఇంజన్ నంబరు, అమ్మినవాడి జీఎస్టీ వివరాలు బిల్లులో రాయించండి. నంబరు గీకేసిన జాడ కనిపిస్తే వెనక్కి తిరగండి. దొంగ సొత్తని తెలిసి గానీ, అలా నమ్మడానికి కారణం ఉండి గానీ తీసుకున్నవాడికి భారతీయ న్యాయ సంహిత 317వ సెక్షన్ కింద మూడేళ్ల దాకా శిక్ష ఉంది. అత్తిబెలె సరిహద్దు ఊరు కాబట్టి మరో మాట. ఆంధ్ర నంబరు బండిని గానీ, తమిళనాడు నంబరు బండిని గానీ ఏడాదికి మించి కర్ణాటకలో ఉంచుకుంటే మోటారు వాహనాల చట్టం 47వ సెక్షన్ ప్రకారం ఇక్కడ తిరిగి నమోదు చేయించాలి. ఇన్‌స్పెక్టర్ బ్లాకు మీది నంబరు చూసేది అప్పుడే. పాత యజమాని చెప్పకుండా మార్చిన ఇంజన్ మీ నెత్తిన పడేదీ అప్పుడే.

షెడ్డుతో లెక్క కూడా కాగితం మీదే ఉండాలి. పని మొదలుపెట్టే ముందు అంచనా రాయించి, "అదనంగా ఏం చేయాలన్నా ముందు నన్ను అడగాలి" అని రాసి ఇద్దరూ సంతకం పెట్టండి. చేసిన పనికి డబ్బు ఇచ్చేదాకా బండిని ఆపుకునే హక్కు మెకానిక్‌కు కాంట్రాక్టు చట్టం 170వ సెక్షన్ ఇచ్చింది. కాబట్టి బిల్లు మీద తగాదా వస్తే తాళాలు లాక్కోవడానికి పోవద్దు. అభ్యంతరంతో చెల్లిస్తున్నానని బిల్లు మీదే రాసి, డబ్బు బ్యాంకు ద్వారా కట్టి, బండి తెచ్చుకుని తర్వాత ఫిర్యాదు చేయండి. మీరు ఒప్పుకోని పనికి వేసిన డబ్బు అడిగే హక్కు మీకు అలాగే ఉంటుంది.

ఫిర్యాదు ఎక్కడ? హోసూరులో కొన్నా, కుప్పంలో కొన్నా, మీరు అత్తిబెలెలో ఉంటుంటే బెంగళూరులోని జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే వేయవచ్చు. వినియోగదారుల రక్షణ చట్టం 34వ సెక్షన్ ఆ వీలు ఇచ్చింది. అమ్మినవాడి ఊరికి తిరగనక్కర్లేదు. మీరు చెల్లించిన ధర 5 లక్షల లోపైతే రుసుము లేదు, 50 లక్షల దాకా జిల్లా కమిషనే వింటుంది. వకీలు తప్పనిసరి కాదు. ఎల్లో బోర్డు కారు మీరే నడుపుకుంటూ బతుకుతుంటే మీరూ వినియోగదారుడే. నాలుగు కార్లు డ్రైవర్లకిచ్చి తిప్పేవారికి ఆ రక్షణ దొరకడం కష్టం. గడువు, వివాదానికి కారణం ఏర్పడిన రోజు నుంచి రెండేళ్లు. అమ్మినవాడు "చూద్దాం, చేద్దాం" అంటూ కాలం గడిపినా ఆ గడియారం ఆగదు. ముందుగా 1915కు ఫోన్ చేస్తే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ అవతలివారితో మాట్లాడుతుంది, కొన్ని తగాదాలు అక్కడే తీరతాయి.

వకీలు కావాలి, డబ్బు లేదు అనుకునేవారు న్యాయ సేవల అథారిటీని 15100 నంబరులో అడగండి. మహిళలకు, ఎస్సీ ఎస్టీలకు, వికలాంగులకు, ఫ్యాక్టరీల్లో పనిచేసే కార్మికులకు ఆదాయంతో పని లేకుండా ఉచిత వకీలును ఇవ్వాలని 1987 నాటి న్యాయ సేవల అథారిటీల చట్టం 12వ సెక్షన్ చెబుతోంది.